ఆరో మనిషికి చోటు

మా ఇంట్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా రాసిపెట్టేది నేనే. ప్రార్థన గ్రంథం మొదట్లో ఉన్న ఖాళీ పేజీల్లో మా తాత చేతిరాత, దాని కింద మా నాయనది, దాని కింద నాది. నేను పెళ్ళి చేసుకోలేదు. అందుకని ఆ పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది, దాంతోపాటు అమ్మ కూడా.

బోగోలు మండలంలో, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల మా ఊరు. తూర్పున రొయ్యల గుంటలు, వాటి అవతల సరుగుడు తోపు. గాలి ఇటు తిరిగితే గుంటల్లో నీళ్ళు చిలికే మిషన్ల చప్పుడు ఇంట్లోకి వస్తుంది. ఊరి బడిలో పాతికేళ్ళు పాఠం చెప్పాను. మోకాళ్ళు పట్టేసి రెండేళ్ళ కిందట మానేశాను. ఇప్పుడు ఆదివారం పిల్లలకు వాక్యం చెప్తాను, క్రిస్మసుకు నాటకం రాసిస్తాను. నా పేరు క్యాథరిన్. అమ్మ మాత్రం ఒసేయ్ అన్నట్టు "మే" అంటుంది. నాకు టైఫాయిడు వచ్చి మంచంలో పడున్నప్పుడు కూడా "మే" అనే పిలిచింది. అమ్మ నోట మెత్తని మాట విన్న గుర్తు నాకు లేదు. అందరి తల్లులూ ఒకలా ఉండరు కదా అని సర్దుకున్నాను.

మా అన్న హెబ్రోను కృష్ణపట్నం పోర్టులో పనిచేస్తాడు. ఆయనకు ఒక్కతే కూతురు, ఏంజెలిన్. హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసేచోట కథలు రాస్తుంది. "ఆటకు కథేందే?" అని అమ్మ అడిగితే, "కథ లేకపోతే వేళ్ళ నొప్పి తప్ప ఏం మిగలదు నాయనమ్మా" అని నవ్వింది. చిన్నప్పుడు సెలవలకు వచ్చినప్పుడు మా ఇంటి సంగతులన్నీ దానికి చెప్పింది నేనే. వాటిలో ఏసుమణి అత్త సంగతి ఒకటి.

ఏసుమణి మా నాయన చెల్లెలు. నేను పుట్టడానికి ముందు ఏడాది పెద్ద తుఫాను వచ్చింది. మేకను తోలుకొస్తానని పోయి, ఉప్పెన నీళ్ళలో కొట్టుకుపోయిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. మిగిలిన ఐదుగురూ, అంటే అవ్వ, తాత, నాయన, అమ్మ, మూడేళ్ళ అన్న, అటకెక్కి బతికారు. గ్రంథంలో తాత రాసింది ఒకటే ముక్క: "ఏసుమణి, ప్రభువు పిలుపు." పోయినవాళ్ళందరికీ తేదీ ఉంది. ఆమెకు లేదు. ఎందుకు లేదని నేనెప్పుడూ అడగలేదు.

ఏంజెలిన్ ఆ సంగతిని గేము చేసింది. దానికి 'గడప' అని పేరు పెట్టింది. ఫోనులో ఆడేది. తుఫాను, మట్టిల్లు, లోపల ఐదుగురు. ఆడేవాళ్ళ వేలు తలుపు గడియ మీద ఉండాలి. బయట ఒక ఆడమనిషి తలుపు కొడుతూ పిలుస్తూ ఉంటుంది. గడియ తీస్తే ఆమె లోపలికి వస్తుంది. కానీ అటక ఐదుగురినే మోస్తుంది. అందుకని లోపలున్నవాళ్ళలో ఒకరు మాయమవుతారు. ఎవరన్నది ఆడేవాళ్ళ ఇష్టం కాదు. కాసేపటికి మళ్ళీ తలుపు చప్పుడు మొదలవుతుంది, ఈసారి ఆ మాయమైన మనిషి గొంతుతో. మళ్ళీ తీస్తే ఇంకొకరు పోతారు. గెలవడానికి దారి ఒకటే. బయటి గొంతు అలిసిపోయి ఆగిపోయేదాకా గడియ మీదనుంచి వేలు తియ్యకూడదు. అప్పుడు తెల్లారుతుంది, కోడి కూస్తుంది, ఐదుగురూ కిందికి దిగుతారు.

"ఇంత కఠినమేందే?" అన్నాను. "ఏసుమణత్త తలుపు దగ్గరికి వచ్చిందని నేనెప్పుడు చెప్పాను నీకు?"

"నువ్వు చెప్పలేదత్తా, నేనే కల్పించా. మేక కోసం పోయి మునిగిపోయిందంటే ఆడేవాళ్ళకు పనేముంటుంది? చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి గదా."

అది గేము చూపిస్తున్నప్పుడు ఫోనులోంచి తలుపు చప్పుడు వచ్చింది. పక్కగదిలో మంచం మీద వక్కాకు నములుతున్న అమ్మ నమలడం ఆపేసింది. "ఆపు దాన్ని" అంది. మామూలుగా తిట్టినట్టు కాదు. ఊపిరి తీసుకోకుండా అన్నట్టు అంది.

తర్వాత రెండు నెలలకు ఏంజెలిన్ ఫోను చేసింది. "ఆడినవాళ్ళంతా తిడుతున్నారత్తా, అందరూ బతికే ముగింపు లేదా అని. గేము ఇప్పుడు మార్చలేం. నువ్వు నవల రాసిపెట్టు. అదే కథ, ముగింపు మాత్రం నీది. ముందు మా సైట్లో పెడతాం, తర్వాత అచ్చేద్దాం."

మోకరించి ప్రార్థన చేసుకుని మొదలుపెట్టాను. గేములో ఆ ఆడమనిషికి పేరు లేదు. నేను పెట్టాను, ఏసుమణి అని. చనిపోయిన తేదీకి కూడా నోచుకోని పిల్లకు మంచి ముగింపైనా ఇద్దామనుకున్నాను. అది జాలి అనుకున్నాను.

అమ్మకు డెబ్భై తొమ్మిదేళ్ళు. రెండు కళ్ళకూ పొరలు కమ్మి మనిషి నీడ తప్ప కనపడదు. రోజూ సాయంత్రం ప్రార్థనలో నేను వాక్యం చదవాలి. మా ఇంట్లో ఒక పద్ధతుంది. చదివినవాళ్ళు చివర ఆమేన్ అంటారు. విన్నవాళ్ళు తిరిగి ఆమేన్ అనాలి. వాళ్ళు అననిదే చదివింది పూర్తయినట్టు కాదు, పుస్తకం మూయకూడదు. తాత పెట్టిన పద్ధతి. ఒకసారి అన్న అలిగి ఆమేన్ అనకపోతే, అరగంట అందరూ అన్నం ముందు కూర్చున్నారట.

నవల మొదలుపెట్టాక అమ్మ అంది, "ఏందో రాస్తా ఉండావంటగా. వాక్యం అయినాక అదీ చదువు." అలా రోజుకో అధ్యాయం చదివేదాన్ని. అలవాటు కొద్దీ దాని చివరా ఆమేన్ అనేదాన్ని, అమ్మా అనేది. తప్పని తోచలేదు. తప్పయితే దేవుడు ఆపుతాడులే అనుకున్నాను.

తలుపు కొట్టే ఘట్టం చదివిన రోజు అమ్మ నన్ను మధ్యలో ఆపింది.

"చేత్తో కొట్టిందని రాసినావా?"

"అవునమ్మా."

"చేతులు యాడుండాయి దానికి? రెండు చేతుల్తో గుమ్మం పట్టుకోనుండె. నడుంలోతు నీళ్ళు లాగతా ఉంటే చెయ్యొదిలితే పోదా? తలకాయతో కొట్టింది."

నా వేలు పేజీ మీద ఎక్కడుందో అక్కడే ఆగిపోయింది.

"నీకెట్లా తెలుసమ్మా?"

అమ్మ నోట్లో వక్క ఈ దవడనుంచి ఆ దవడకు మార్చుకుంది. "గడియ పట్టుకోనుండింది ఎవురనుకున్నావు? మీ నాయన తీస్తానన్యాడు. నేను తియ్యనీలా. పిల్లోడు నా చంకలో ఉండె, అటక అప్పటికే కిర్రుమంటా ఉండె."

"ఎంతసేపు కొట్టింది?"

"చానాసేపు." అని, వక్క ఉమ్మేసి, "అన్నం పెట్టు మే. ఆకలేస్తా ఉండాది" అంది.

ఆ రాత్రి నేను తినలేదు. అమ్మ తిన్నది.

మర్నాడు తనే అడిగింది. "ఆఖర్లో ఏం రాస్తావు?"

"కోడలు తలుపు తీస్తుందమ్మా. ఏసుమణి లోపలికి వస్తుంది."

"ఎవుర్ని దించినావు?"

"ఎవర్నీ దించలేదు. ఆరుగురూ బతుకుతారు. దేవుడు అటకను నిలబెడతాడు."

అమ్మ నవ్వింది. పళ్ళు లేని నోటితో, చప్పుడు లేకుండా. "మంచిదానివి మే నువ్వు. గడియ నీ చేతిలో లేదు గదా, మంచిగానే ఉంటావు."

డిసెంబరు మొదటి వారంలో తుఫాను కబురొచ్చింది. జీపులో మైకు పెట్టి, సముద్రం వైపు ఊళ్ళవాళ్ళంతా షెల్టరుకు రావాలని చెప్పారు. పక్కింటి మాలకొండమ్మ గోనెసంచి కొంగులా తలకేసుకుని వాకిట్లోకి వచ్చింది.

"టీచరమ్మా, రాండి పోదాం. ఆడ వేడి వేడి సాంబారు పోస్తన్నారంట."

అమ్మ మంచం మీదనుంచే కేకేసింది. "సాంబారుకు పోయేదానివి పో మాలకొండా. తుఫానును నేనొకసారి చూసినాలే."

"నువ్వు చూసినావులే పెద్దమ్మా. అది నిన్ను చూసిందో లేదో!" అని నవ్వుకుంటూ, ఇంటికి తాళం వేసి వెళ్ళిపోయింది.

అమ్మను ఎత్తుకుపోయే బలం నాకు లేదు. బలవంతం చేస్తే వచ్చే మనిషి కాదు. మట్టిల్లు పోయి మాది స్లాబు ఇల్లయి నలభై ఏళ్ళయింది. గోడలు నిలుస్తాయన్న ధైర్యం ఉంది. వీధితలుపు మాత్రం పాతదే. చేవ ఉన్న కలప అని తాత దాన్ని పారెయ్యకుండా కొత్తింటికి పెట్టించాడు, అదే గుమ్మం, అదే కొయ్య గడియ. గాలి నిలిచేదాకా ఈ తలుపు వెనక అమ్మను ప్రాణంతో కాపాడుకుంటే చాలు. ఆ రోజుకు నేను దేవుణ్ణి అడిగింది అదొక్కటే.

మధ్యాహ్నం రెండున్నరకే ఇల్లు చీకటైంది. కరెంటు పోయింది. గుంటల్లో మిషన్ల చప్పుడు ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ఆ చప్పుడుకు అలవాటుపడ్డ చెవికి అది లేకపోతే ఏదో పక్కన నిలబడి ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. వాన స్లాబు మీద పడటంలేదు, పక్కనుంచి గోడను కొడుతోంది. సరుగుడు తోపు వైపునుంచి ఒకటే మూలుగు. తడిసిన సున్నం వాసన, కిటికీ సందుల్లోంచి ఉప్పుగాలి. నేను ఛార్జింగు దీపం పెట్టి అమ్మ మంచం పక్కన కూర్చున్నాను.

"ఆఖరుది చదువు" అంది అమ్మ.

"సాయంత్రం ప్రార్థనలో చదువుతానమ్మా."

"సాయంత్రం దాకా ఎవురుంటారో ఎవురు పోతారో. ఇప్పుడే చదువు."

మూడో నోటుపుస్తకం తీశాను. చివరి పేజీ. నా గొంతు వానలో నాకే సరిగా వినపడటంలేదు.

"కోడలు గడియ ఎత్తింది. ఏసుమణి లోపలికి వచ్చింది. కోడలు తన కొంగుతో ఆమె తల తుడిచింది. ఆరుగురూ అటకెక్కారు. అటక కిర్రుమంది, విరగలేదు. తెల్లారేదాకా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఆమేన్."

పుస్తకం మూయబోయి ఆగాను.

"ఆమేన్ అనమ్మా. పుస్తకం మూస్తాను."

"అనను." పెదవులు బిగించింది. "తియ్యనిదాన్ని తీసినానని రాసి, నన్ను ఆమేన్ అనమంటావా? అనను."

గాలి ఒక్క క్షణం తగ్గింది.

"ఆమేన్."

తలుపు బయటనుంచి.

ఆడగొంతు. మెల్లగా. కొయ్యకు పెదవులు ఆనించి అన్నట్టు.

మాలకొండమ్మ వెనక్కి వచ్చిందనుకున్నాను. లేస్తుంటే అమ్మ నా మణికట్టు పట్టుకుంది. అంత పట్టు ఆ చేతికి ఉందని నాకు తెలియదు.

"తియ్యొద్దు మే."

"మాలకొండమ్మేమో... వానలో నిలబడుంది..."

"వద్దంటా ఉండానా!"

నేను చెయ్యి విడిపించుకున్నాను. ఎందుకంటే, నాకు సిగ్గేసింది. తలుపు తియ్యని మనుషుల మీద మూడు పుస్తకాలు రాసి, పిలుపు వినపడితే కూర్చునే ఉంటే నేనేం రాసినట్టు? ఆ సిగ్గుతోనే వెళ్ళి గడియ ఎత్తాను.

ఎవరూ లేరు.

వాకిలంతా మట్టి నీళ్ళు. ఎదురుగా మాలకొండమ్మ ఇంటి తలుపుకు తాళం ఊగుతోంది. వాన నా మొహం మీద కొట్టింది. వెనక దీపం ఠప్పున కిందపడి ఆరిపోయింది. తలుపు భుజంతో నెట్టి గడియ వేశాను.

లోపల కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి.

"అమ్మా?"

పలకలేదు.

"అమ్మా...?"

"ఉండాను."

మంచం మీదనుంచే. హమ్మయ్య అనుకున్నాను. గోడ పట్టుకుని వెళ్ళి మంచం పట్టె మీద కూర్చున్నాను. అప్పుడు వాసన తగిలింది. సముద్రం వాసన కాదు. ఆముదం. తడిసిన మట్టిగోడ. పొగచూరిన తాటాకు. మా ఇంట్లో తాటాకు లేక నలభై ఏళ్ళు.

తడుముకుంటే అమ్మ కాళ్ళు దొరికాయి. చల్లగా, తడిగా ఉన్నాయి. మోకాళ్ళ దాకా తడి.

"కాళ్ళెట్లా తడిశాయమ్మా?"

"చూరు కారింది."

మాది స్లాబు ఇల్లు. చూరు లేదు.

తువ్వాలు తీసి కాళ్ళు తుడవసాగాను. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. చీకట్లో ఒక అరచెయ్యి వచ్చి నా తల మీద ఆగింది. మెల్లగా నిమిరింది.

"నువ్వు కూడా తడిసినావు గదా తల్లీ..."

తల్లీ.

తువ్వాలు నా చేతిలో ఆగిపోయింది.

అప్పుడు తలుపు మీద చప్పుడైంది. గడియ ఉన్నంత ఎత్తులో. ఒకటి. రెండు. మూడు. వేళ్ళ చప్పుడు కాదు. బరువుగా, మొద్దుగా...

"మే..."

అమ్మ గొంతు. బయటనుంచి.

"మే... తలుపు తియ్యి. నేను బయటుండా."

తల మీద చెయ్యి అట్లాగే ఉంది.

"ఎవుర్ని లోపల పెట్టుకున్యావు మే? కళ్ళు కనపడటంలా నాకు... నీళ్ళొస్తా ఉండాయి... తియ్యి!"

"తియ్యొద్దు తల్లీ" అంది మంచం మీది గొంతు. అదీ అమ్మ గొంతే.

నేను లేచి మంచానికీ తలుపుకూ మధ్యలో నిలబడ్డాను. మా ఇంటి సంగతులన్నీ నాకు తెలుసు, అడిగి తేల్చుకుంటాను అనుకున్నాను.

"ఆ రోజు అటక మీద ఎవరెవరున్నారో చెప్పు" అన్నాను, తలుపు వైపు తిరిగి.

"పోయేకాలం వచ్చిందా నీకు? ఇప్పుడా అడిగేది? మీ అవ్వ, మీ తాత, మీ నాయన, మీ అన్న, నేను... తియ్యి మే... మోకాళ్ళకొచ్చినాయి..."

మంచం వైపు తిరిగాను. "నువ్వు చెప్పు."

తొందర లేదు ఆ గొంతుకు. ఒక్కొక్కరినే గుర్తుచేసుకుంటున్నట్టు చెప్పింది.

"అమ్మ... నాయన... అన్న... అన్న కొడుకు..."

ఆగింది.

"వదిన."

ఆ చీకట్లో నాకంతా వెలుగైపోయింది. నా తల్లి బయట ఉంది. గుడ్డిది, డెబ్భై తొమ్మిదేళ్ళది, నీళ్ళలో నిలబడుంది. పరుగెత్తి గడియ పట్టుకున్నాను.

"తియ్యి తల్లీ" అంది వెనకనుంచి. కోపం లేదు. "నీ ఇష్టం. తీస్తే ఒకరు లోపలికొస్తారు. ఒకరు పోవాల. నేను ఇప్పుడే వచ్చినాను... యాభై రెండేళ్ళకు. నేను పోను."

మంచం కిర్రుమంది.

"ఇంట్లో ఇంకెవురుండారు పోయేదానికి?"

నా చెయ్యి గడియ మీద ఉంది. కొయ్యకు అవతల, నా మొహానికి ఎదురుగా, అమ్మ తల తగులుతున్న చప్పుడు. ఒక్కో దెబ్బకూ గడియ నా అరచేతిలో అదురుతోంది. బెత్తెడు ఎత్తితే చాలు. ఎత్తలేదు.

"మే... క్యాథరినూ..."

పేరు పెట్టి పిలిచింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

నేను పాట అందుకున్నాను. గట్టిగా, గుడిలో పాడినంత గట్టిగా. పాట అయిపోతే ప్రార్థన చేశాను. ఆ ప్రార్థన దేవుడు వినాలని చేసింది కాదు. బయటి గొంతు నాకు వినపడకూడదని చేశాను. ఎంతసేపని అడిగితే నేనూ అమ్మ చెప్పినట్టే చెప్పాలి. చానాసేపు.

తెల్లారి నీళ్ళు తీశాయి. మాలకొండమ్మ షెల్టరునుంచి వచ్చి తొంగిచూసింది. "పెద్దమ్మా, తుఫానంతా నీ మొహం కడిగేసినట్టుందే! తేటగా ఉండావు."

"రా మాలకొండమ్మా, కాఫీ తాగు" అంది మంచం మీది మనిషి.

మాలకొండమ్మ నావైపు చూసి కళ్ళెగరేసింది. "ఏందీ, నా పేరుకు అమ్మా అని కూడా తగిలిస్తా ఉంది? పోయే ముందు మంచితనం గాదు గదా!" అని నవ్వింది. నేనూ నవ్వాను.

వాకిట్లో, తోపులో, గుంటల గట్ల మీద నేనొక్కదాన్నే తిరిగి వెతికాను. ఏమీ దొరకలేదు. తలుపుకు బయటివైపు, గడియ ఎత్తున, రంగు అరచేయంత మేర లేచిపోయి ఉంది. అన్న వచ్చి చూసిపోయాడు. "అమ్మ ఇప్పుడెంత బాగుందే" అని, పోర్టునుంచి వారం వారం వస్తున్నాడు. గ్రంథంలో నేనేమీ రాయలేదు. ఎవరి పేరు రాయాలి?

ఆమె నాకు తల దువ్వుతుంది. అన్నంలో మంచి ముక్క నాకే తీసిపెడుతుంది. మోకాళ్ళకు నూనె రాసి, "నొప్పిగా ఉందా తల్లీ" అంటుంది. యాభై ఒకటో ఏట నాకు తల్లి దొరికింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అబద్ధం రాయడం నావల్ల కాదు, ఒకసారి రాశాను చాలు.

రోజూ మధ్యాహ్నం మూడింటికి తలుపు చప్పుడవుతుంది. మొదట్లో గడియ ఎత్తున అయ్యేది. వారం తిరిగేసరికి నడుం ఎత్తుకు దిగింది. ఇప్పుడు గడప మీద బెత్తెడు ఎత్తున వస్తోంది. పిలవడం మానేసింది. చప్పుడైనప్పుడల్లా ఆమె మంచం మీదనుంచి, కళ్ళకు పొరలు లేనట్టే నన్ను చూసి, ఏం ఫర్లేదన్నట్టు తల ఊపుతుంది. నేను వెళ్ళి గడియ సరిగా పడిందో లేదో చూసుకుని వస్తాను.

తుఫానుకు ముందే పేజీలన్నీ ఫోటోలు తీసి ఏంజెలిన్‌కు పంపేశాను. నవల క్రిస్మసుకు ముందే సైట్లో పెట్టారు. మొన్న ఏంజెలిన్ ఫోను చేసి గంతులేసింది. "అందరూ ఏడుస్తున్నారత్తా, ఎంత బాగుందో అని! ఆఖరి అధ్యాయం నేనే వీడియోలో గట్టిగా చదివా. నువ్వు రాసినట్టే చివర ఆమేన్ అన్నా. చూసినవాళ్ళు కింద వరసగా రాశారు, ఆమేన్, ఆమేన్, ఆమేన్..."

నిన్న మూడింటికి గడప దగ్గర చప్పుడైంది. ఒక్కసారే. చాలా నీరసంగా.

అది ఆగిన తర్వాత ఇంకొకటి మొదలైంది. పైన, గడియ ఎత్తున. గబగబా, వయసులో ఉన్న మనిషి కొట్టినట్టు.

ఏంజెలిన్‌కు ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. హైదరాబాదులోనే ఉన్నానంది, బాగున్నానంది. ఎన్నడూ లేనిది, అన్నం తిన్నావా, మోకాళ్ళు ఎట్లా ఉన్నాయని అడిగింది. ఎంతో ప్రేమగా, తొందర లేకుండా మాట్లాడింది.

మాట్లాడినంతసేపూ బయటనుంచి "అత్తా... అత్తా..." అని పిలుపు, తలుపు అదురుతూనే ఉంది. నేను గడియ మీద చెయ్యి తియ్యలేదు.